ఎమ్యులేటర్ పరీక్ష కోసం బూట్ ఇమేజ్‌ల తయారీ: స్క్రిప్టుల తీరుతెన్నులు

కంప్యూటరుకు కరెంటు అందగానే ప్రాసెసర్ ముందుగా చదివేది హార్డ్ డిస్కును కాదు, మదర్‌బోర్డు మీద ఉన్న చిన్న ఫ్లాష్ చిప్‌ను. ఆ చిప్‌లో ఉండే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. మెమరీని పనిలోకి దించడం, డిస్కును వెతకడం, బూట్‌లోడర్‌ను పిలిచి యంత్రాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి అప్పగించడం దాని బాధ్యత. చిప్‌లోకి ఉన్నదున్నట్టు ఎక్కించడానికి సిద్ధం చేసిన ఫైలును ఫర్మ్‌వేర్ ఇమేజ్ అంటారు. సోర్సు కోడు నుంచి ఈ ఇమేజ్‌ను కట్టి, అసలు బోర్డు జోలికి పోకుండా, దాన్ని అనుకరించే ప్రోగ్రాము అయిన ఎమ్యులేటర్‌లో బూట్ చేసి, నెగ్గిందో ఓడిందో చెప్పే పనంతా మనిషి చెయ్యి పడకుండా జరిపించే స్క్రిప్టుల గురించి ఈ వ్యాసం.

తప్పు ఇమేజ్ ఎక్కితే బోర్డు లేవదు. బ్రిక్ అయిందంటారు. అప్పుడు చిప్‌కు క్లిప్పు తగిలించి, బయటి ప్రోగ్రామర్ పరికరంతో పాత ఇమేజ్‌ను తిరిగి రాయాలి. ఎమ్యులేటర్‌లో అదే తప్పు జరిగితే విండో మూసేస్తే సరి. అయితే శ్రమ తప్పడం ఇక్కడ చిన్న లాభమే. పరీక్షకు నిలబడిన ఫైలూ, చిప్‌లోకి ఎక్కే ఫైలూ ఒకటేనని ధైర్యంగా చెప్పగలగడం అసలు లాభం. ఆ మాట చెప్పలేని స్క్రిప్టు ఎంత వేగంగా నడిచినా దాని ఫలితానికి విలువ లేదు. ఈ రంగంలో వచ్చిన పనిముట్లలో చాలావాటిని ఈ గీటురాయి మీదే గీసి చూడవచ్చు.

ఆల్టెయిర్ టేపు నుంచి క్యూఎము దాకా

దగ్గర లేని యంత్రానికి ప్రోగ్రాము రాసి, ఉన్న యంత్రం మీద పరీక్షించుకోవడం పాత విద్యే. 1975లో బిల్ గేట్స్, పాల్ ఆలెన్ ఆల్టెయిర్ 8800 కంప్యూటరు కోసం బేసిక్ ఇంటర్‌ప్రెటర్ రాసినప్పుడు వాళ్ల దగ్గర ఆల్టెయిర్ లేదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని పీడీపీ-10 కంప్యూటరు మీద, ఇంటెల్ 8080 ప్రాసెసర్‌ను అనుకరించే ప్రోగ్రామును ఆలెన్ రాసుకున్నాడు. బేసిక్ అంతా అందులోనే నడిచింది. కాగితపు టేపు పట్టుకుని, ఆల్టెయిర్ తయారుచేసే ఆల్బుకర్కీలోని మిట్స్ కంపెనీకి విమానంలో వెళ్తుండగా ఆలెన్‌కు గుర్తొచ్చింది, టేపులోని బేసిక్‌ను మెమరీలోకి లాగే బూట్‌స్ట్రాప్ లోడర్ రాయనేలేదని! విమానం దిగేలోపు ఆ కాస్త మెషీన్ కోడూ రాసేశాడు, మిట్స్‌లో బేసిక్ నడిచింది. ఈ కథను ఆలెన్ చురుకుదనానికి నిదర్శనంగా చెప్పుకుంటారు. ఫర్మ్‌వేర్ వాళ్లు దీన్ని ఇంకోలా చదవాలి: ఎమ్యులేటర్ తానే చేసిపెట్టే పని పరీక్షలోకి రాదు. యాభై ఏళ్ల తర్వాత కూడా స్క్రిప్టుల్లో దొర్లుతున్న ప్రధాన లోపం ఇదే.

పీసీ మొత్తాన్ని, అంటే ప్రాసెసర్‌తో పాటు డిస్కు, టైమరు, వీడియో కార్డు వగైరాలనూ అనుకరించే బోక్స్ ఎమ్యులేటర్‌ను కెవిన్ లాటన్ 1994లో మొదలుపెట్టాడు. అది ఒక్కో ఆదేశాన్నీ విడివిడిగా అర్థం చేసుకుని నడిపేది కనుక నెమ్మది. 2003లో ఫ్రెంచి ప్రోగ్రామర్ ఫాబ్రిస్ బెలార్ విడుదల చేసిన క్యూఎము ఇంకో దారి పట్టింది. అతిథి (అనుకరించే) ప్రాసెసర్ ఆదేశాల గుంపును ఒకసారి ఆతిథేయి (అసలు కంప్యూటరు) ఆదేశాల్లోకి మార్చి దాచుకుని, మళ్లీ అవసరమైనప్పుడు ఆ మార్చిన ముక్కనే నడుపుతుంది. ఆర్మ్, మిప్స్, పవర్‌పీసీ, రిస్క్-ఫైవ్ వంటి ప్రాసెసర్లన్నిటికీ ఒకే కమాండ్ లైను తీరు ఉండటం స్క్రిప్టులు రాసేవాళ్లకు వరమైంది. 2007లో లైనక్స్ కెర్నెల్ 2.6.20తో వచ్చిన కేవీఎం, ఆతిథేయి ప్రాసెసర్ అతిథి ప్రాసెసర్ జాతిదే అయితే అనువాదం అక్కర్లేకుండా చేసింది.

ఫర్మ్‌వేర్ పక్షాన చెప్పుకోవలసింది కోర్‌బూట్. 1999లో అమెరికాలోని లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో రాన్ మినిచ్ లైనక్స్‌బయోస్ పేరుతో దీన్ని ప్రారంభించాడు. 2008లో పేరు మారింది. కోర్‌బూట్ నిర్మాణ మెనూలో అసలు మదర్‌బోర్డుల సరసన క్యూఎము యంత్రాలు కూడా బోర్డులుగానే కనిపిస్తాయి. బయోస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్ ప్రమాణం యూఈఎఫ్ఐకి టియానోకోర్ ప్రాజెక్టులోని ఓవీఎంఎఫ్, పాత బయోస్‌కు కెవిన్ ఓ'కానర్ రాసిన సీబయోస్, చిన్న బోర్డులకు వోల్ఫ్‌గాంగ్ డెంక్ మొదలుపెట్టిన యూ-బూట్ ఇదే కోవలోకి వస్తాయి.

ఇమేజ్ అంటే చిరునామాల లెక్క

బూట్ ఇమేజ్ మామూలు ఫైలు లాంటిది కాదు. అందులో ప్రతి బైటుకూ నిర్ణీత స్థానం ఉంటుంది. ఆ స్థానాన్ని నిర్ణయించేది ప్రాసెసర్ తయారీదారు. ఎక్స్86 ప్రాసెసర్ రీసెట్ అవగానే 4 జీబీ హద్దుకు సరిగ్గా 16 బైట్ల కింద ఉన్న చిరునామా నుంచి మొదటి ఆదేశం తీసుకుంటుంది. ఆ 16 బైట్లలో పెద్దగా ఏమీ పట్టదు. వెనక్కి దూకే ఒక జంప్ ఆదేశం ఉంటే చాలు. ఫ్లాష్ చిప్ చివరి బైటు ఈ హద్దును ఆనుకుని కూర్చుంటుంది కాబట్టి పీసీ ఫర్మ్‌వేర్ ఇమేజ్‌ను ముందు నుంచి కాక వెనక నుంచి లెక్కపెట్టుకుంటూ కడతారు. కోడు ఒక్క బైటు పెరిగినా పైకి పెరగడానికి వీల్లేదు. ఖాళీ అంతా కిందివైపే.

అన్ని యంత్రాలూ ఒకలా ఉండవు. క్యూఎములోని ఆర్మ్ వర్ట్ యంత్రంలో ఫ్లాష్ చిరునామా సున్నా నుంచి మొదలవుతుంది, ర్యామ్ 1 జీబీ దగ్గర మొదలవుతుంది. అందులో రెండు ఫ్లాష్ బ్యాంకులు, ఒక్కొక్కటి 64 ఎంబీ. 2 ఎంబీ ఫర్మ్‌వేర్ ఫైలును ఈ ఫ్లాష్ బ్యాంకుగా ఇస్తే క్యూఎము ఒప్పుకోదు, సరిగ్గా 64 ఎంబీ కావాలంటుంది. అందుకే ఆర్మ్ స్క్రిప్టుల్లో ఫైలును సాగదీసే లైను ఒకటి తప్పకుండా ఉంటుంది.

సాగదీసేటప్పుడు దేనితో నింపాలి? చాలా స్క్రిప్టులు సున్నాలతో నింపుతాయి, ఎందుకంటే ట్రంకేట్ ఆదేశానికి అదే తెలుసు. అసలు ఫ్లాష్ చిప్‌లో చెరిపేసిన చోటు సున్నా కాదు, ప్రతి బిట్టూ ఒకటి, అంటే ప్రతి బైటూ 255. రాయడమంటే ఒకటిని సున్నా చేయడమే. సున్నాను మళ్లీ ఒకటి చేయాలంటే ఆ బ్లాకు మొత్తం చెరపాలి. సున్నాలతో నింపిన చోట ఫర్మ్‌వేర్ తర్వాత సెట్టింగులు దాచుకోబోతే, ఖాళీగా కనిపించాల్సిన జాగా నిండినట్టు కనిపిస్తుంది. 255తో నింపడానికి అదనంగా పట్టేది ఒక్క లైను. పద్ధతి తెలిసిన స్క్రిప్టుకు అదొక ఆనవాలు.

కోర్‌బూట్ ఇమేజ్‌లో సీబీఎఫ్ఎస్ అనే చిన్న ఫైల్ వ్యవస్థ ఉంటుంది. మొదటి దశ కోడు, మెమరీ దశ, ఆ తర్వాతి దశ, చివరన నడవాల్సిన పేలోడు పేర్లతో సహా అందులో ఉంటాయి. సీబీఎఫ్ఎస్‌టూల్‌తో పేలోడును మార్చవచ్చు, ఉన్నవాటి జాబితా తీయవచ్చు. ఓవీఎంఎఫ్‌లో కోడూ, సెట్టింగులు దాచే వేరియబుళ్లూ రెండు ఫైళ్లు. 4 ఎంబీ రకంలో కోడు 36,53,632 బైట్లు, వేరియబుళ్ల ఫైలు 5,40,672 బైట్లు. కలిపితే సరిగ్గా 41,94,304 బైట్లు. కోడు ఫైలును చదవడానికి మాత్రమే ఇచ్చి, వేరియబుళ్ల ఫైలుకు ప్రతి పరీక్షకూ కొత్త నకలు ఇవ్వాలి. ఈ రెండో జాగ్రత్త మరిస్తే నిన్నటి పరీక్షలో నమోదైన బూట్ క్రమం ఇవాళ్టి పరీక్షను గట్టెక్కిస్తుంది. కొత్త యంత్రం మీద అదే ఇమేజ్ బూట్ కాదు.

రూటు అనుమతి లేకుండా డిస్కు కట్టడం

ఫర్మ్‌వేర్ లేచాక దానికి వెతుక్కోవడానికి డిస్కు కావాలి. పాత బయోస్ డిస్కులో మొదటి 512 బైట్లను చదివి, హెక్సాడెసిమల్‌లో 7సీ00 అనే చిరునామాలో పెట్టి అక్కడికి దూకుతుంది. ఆ సెక్టారు 55, ఏఏ అనే రెండు బైట్లతో ముగిస్తేనే దాన్ని బూట్ సెక్టారుగా గుర్తిస్తుంది. యూఈఎఫ్ఐ కాస్త మర్యాదస్తురాలు. జీపీటీ విభజన పట్టిక చూసి, ఎఫ్ఏటీ ఫైల్ వ్యవస్థ ఉన్న ఈఎస్‌పీ విభాగంలోకి వెళ్లి, ఈఎఫ్ఐ ఫోల్డరులోని బూట్ ఫోల్డరులో ప్రాసెసర్‌ను బట్టి నిర్ణయించిన పేరుతో ఉన్న ఫైలును నడుపుతుంది.

ఇలాంటి డిస్కును తయారుచేయడానికి మొదట్లో అందరూ పట్టే దారి లూప్ పరికరం: ఖాళీ ఫైలును డిస్కులా తగిలించి, మౌంట్ చేసి, ఫైళ్లు కాపీ చేసి, విప్పేయడం. దీనికి రూటు అనుమతి కావాలి. స్క్రిప్టు మధ్యలో ఆగితే మౌంట్లు అలాగే వేలాడుతూ ఉంటాయి. చరరాశిలో తప్పు పేరు పడితే ఇమేజ్‌కు బదులు సొంత డిస్కే తుడిచిపెట్టుకుపోతుంది. కంటైనర్లలో నడిచే సీఐ (కోడు మారినప్పుడల్లా కట్టి పరీక్షించే) సర్వర్లు ఎలాగూ ఆ అనుమతి ఇవ్వవు. మౌంట్ అక్కర్లేని పనిముట్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఎంటూల్స్ ఎఫ్ఏటీ ఇమేజ్‌లోకి నేరుగా ఫైళ్లు కాపీ చేస్తుంది. విభాగం ఎక్కడ మొదలవుతుందో చెబితే పూర్తి డిస్కు ఇమేజ్ లోపలికి కూడా రాస్తుంది. లైనక్స్ ఫైల్ వ్యవస్థ ఈఎక్స్‌టీ4ను సృష్టించే ఆదేశానికి ఒక డైరెక్టరీ చూపిస్తే అందులోని ఫైళ్లతోనే విభాగాన్ని నింపుతుంది. యజమాని రూటుగా కనిపించాల్సిన ఫైళ్ల కోసం ఫేక్‌రూట్ ఉంది. ఈఎక్స్‌టీ4ను ఇలా నింపే సౌకర్యం తెచ్చిన 2016 నాటి ఈ2ఎఫ్ఎస్‌ప్రాగ్స్ 1.43 తర్వాత కూడా లూప్ పరికరాలను పట్టుకు వేలాడే స్క్రిప్టులకు అలవాటు తప్ప వేరే కారణం కనిపించదు.

కొలతల దగ్గర కొన్ని చిక్కులున్నాయి. జీపీటీ పట్టికకు డిస్కు చివర 33 సెక్టార్ల నకలు ఉంటుంది. ఇమేజ్ కట్టాక ఫైలును పెంచినా కత్తిరించినా ఆ నకలు ఉండాల్సిన చోట ఉండదు. ఎఫ్ఏటీ32కు కనీసం 65,525 క్లస్టర్లు కావాలి. 512 బైట్ల క్లస్టరు వేసుకున్నా విభాగం 32 ఎంబీ దాటుతుంది. చిన్న విభాగం మీద బలవంతంగా ఆ రకం ముద్ర వేస్తే కొన్ని ఫర్మ్‌వేర్‌లు చదువుతాయి, కొన్ని చదవవు. క్యూఎము కొత్త వెర్షన్లలో రాస్‌ప్‌బెర్రీ పై వంటి బోర్డులకు ఇచ్చే ఎస్‌డీ కార్డు ఇమేజ్ పరిమాణం 2 యొక్క ఏదో ఒక ఘాతమై ఉండాలి.

షెల్ నుంచి యాక్టో దాకా

చిన్న పనికి వంద లైన్ల షెల్ స్క్రిప్టు చాలు. తప్పు జరిగిన చోటే ఆగిపోవాలని మొదటి లైనులోనే షెల్‌కు చెప్పాలి. లేకపోతే కంపైల్ విఫలమైనా పాత ఇమేజ్ డైరెక్టరీలో అలాగే ఉండి, అదే బూట్ అయి, అంతా బాగుందనిపిస్తుంది. ఇమేజ్ భాగాలు పెరిగేకొద్దీ ఏది మారితే ఏది తిరిగి కట్టాలో గుర్తుపెట్టుకోవడం షెల్‌కు భారమవుతుంది. స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో బెల్ ల్యాబ్స్‌లో రాసిన మేక్ ఆ పనికి ఇప్పటికీ సరిపోతుంది.

లైనక్స్ మొత్తంగా కట్టాలంటే బిల్డ్‌రూట్, యాక్టో అనే రెండు దారులు. బిల్డ్‌రూట్ సాదాసీదాది. క్యూఎము కోసం ముందే ఉంచిన ఒక కాన్ఫిగరేషన్ ఎంచుకుని మేక్ నడిపితే కంపైలర్ మొదలు కెర్నెల్, ఫైల్ వ్యవస్థ దాకా తయారుచేసి, ఇమేజ్‌ల డైరెక్టరీలో క్యూఎమును నడిపే చిన్న స్క్రిప్టును కూడా పెడుతుంది. చివరి అమరికకు పెంగుట్రానిక్స్ వారి జెన్‌ఇమేజ్‌ను వాడుకుంటుంది. ఏ విభాగం ఎక్కడ, ఎంత పరిమాణంలో అనేది చిన్న వర్ణన ఫైలులో రాస్తే చాలు. 2010లో లైనక్స్ ఫౌండేషన్ ప్రకటించిన యాక్టో ప్రాజెక్టు భారీ పరివారం. బిట్‌బేక్ రెసిపీలు, లేయర్లు, డిస్కు అమరికకు విక్, ఎమ్యులేటర్‌కు రన్‌క్యూఎము, బూట్ చేశాక లోపలికి వెళ్లి పరీక్షలు జరిపే టెస్ట్‌ఇమేజ్ అన్నీ అందులోనే. ఒకే బోర్డుకు ఫర్మ్‌వేర్ చేసే చిన్న బృందానికి ఇది నేర్చుకునే శ్రమే ఎక్కువ. పది బోర్డులకు ఏళ్ల తరబడి అప్‌డేట్లు ఇవ్వాల్సినవాళ్లు చివరికి ఇక్కడికే చేరుతుంటారు.

యూ-బూట్‌తో వచ్చే బిన్‌మన్ గురించి కూడా చెప్పాలి. ఇమేజ్‌లో ఏ ముక్క ఎక్కడుండాలో డివైస్ ట్రీ భాషలో వర్ణిస్తే అది కూర్చిపెడుతుంది. ఒక ముక్క పక్కదాని మీదికి పొర్లితే నిర్మాణాన్నే ఆపేస్తుంది. డీడీ ఆదేశాల వరుసతో ఇమేజ్ అతికే స్క్రిప్టు అలాంటి సందర్భంలో కిక్కురుమనకుండా మీద రాసేస్తుంది.

అడ్డదారులు

క్యూఎముకు కెర్నెల్ ఫైలునూ, ఇనిట్ఆర్‌డీనీ నేరుగా ఇవ్వవచ్చు. డిస్కు అక్కర్లేదు, బూట్‌లోడర్ అక్కర్లేదు. ఫోల్డరును చూపించి దాన్నే ఎఫ్ఏటీ డిస్కు అనుకోమనవచ్చు. కెర్నెల్ రాసేవాళ్లకు ఇవి ఎంతో ఉపకారం, రోజుకు పదిసార్లు బూట్ చేసేవాళ్లు బూట్‌లోడర్ కోసం కాచుకుని కూర్చోలేరు. ఇమేజ్‌ను పరీక్షిస్తున్నామని చెప్పుకునే స్క్రిప్టులో మాత్రం వీటికి చోటు ఉండకూడదు. విభజన పట్టిక, బూట్‌లోడర్ సెట్టింగులు, కెర్నెల్‌కు అందాల్సిన కమాండ్ లైను ఇవేవీ ఆ దారిలో పరీక్షకు రావు. ఆలెన్ విమానంలో కూర్చుని రాసిన ముక్క సరిగ్గా ఈ కోవలోదే.

డిస్కు ఫార్మాట్ చెప్పకుండా వదిలేయడం ఇంకో అడ్డదారి. క్యూఎము తానే ఊహించి, అది రా ఫార్మాట్ అనుకుంటే హెచ్చరిక చేసి, మొదటి బ్లాకు మీద రాతలను పరిమితం చేస్తుంది. డిస్కులోని ప్రోగ్రామే మొదటి బ్లాకులో వేరే ఫార్మాట్ తలకట్టు రాసి ఆతిథేయి ఫైళ్లను లాగే ప్రమాదం ఉంది కనుక ఈ కాపలా. బూట్‌లోడర్‌ను డిస్కులోకి స్థాపించే పరీక్షలు అంతుబట్టని కారణంతో విఫలమైతే ముందు చూడాల్సిన చోటు ఇది.

నెగ్గిందని చెప్పాల్సింది ఎవరు

స్క్రిప్టులో అన్నిటికన్నా కష్టమైన భాగం ఇమేజ్ కట్టడం కాదు, ఫలితం తెలుసుకోవడం. ఎమ్యులేటర్ ఆగిపోయింది. అది పని ముగించి ఆగిందా, కుప్పకూలి ఆగిందా?

అందరూ ఎంచుకునే పద్ధతి సీరియల్ కన్సోల్. తెర లేకుండా నడిపి, సీరియల్ పోర్టు నుంచి వచ్చే అక్షరాలను ఫైలులోకి మళ్లించి, లాగిన్ ప్రాంప్ట్ వచ్చిందో లేదో చూస్తారు. ఎక్స్‌పెక్ట్ లాంటి పనిముట్టుతో జవాబులు కూడా పంపవచ్చు. గడువు పెట్టడం తప్పనిసరి. టైమ్‌అవుట్ ఆదేశం గడువు దాటితే 124 అనే నిష్క్రమణ సంఖ్య ఇస్తుంది, దాన్ని మిగతా వైఫల్యాల నుంచి వేరుచేసి చూపాలి. కేవీఎం లేని సర్వర్ మీద అదే బూట్ ఎన్నో రెట్లు నెమ్మదిగా సాగుతుంది కనుక గడువును సొంత ల్యాప్‌టాప్ వేగానికి కొలిచి పెట్టకూడదు.

క్యూఎముకు రీబూట్ వద్దని చెప్పినప్పుడు అతిథి యంత్రం రీసెట్ అయితే క్యూఎము ఆగిపోతుంది, నిష్క్రమణ సంఖ్య సున్నా. కెర్నెల్ పానిక్ అయి వెంటనే రీబూట్ కోరినా సున్నాయే, ప్రాసెసర్ ట్రిపుల్ ఫాల్ట్‌తో తిరగబడినా సున్నాయే. షెల్ భాషలో సున్నా అంటే విజయం. సున్నా చూసి పచ్చజెండా ఊపే స్క్రిప్టు ఘోర వైఫల్యాన్నే విజయంగా నమోదు చేస్తుంది.

దీనికి విరుగుడుగా క్యూఎములో ఐఎస్ఏ డీబగ్ ఎగ్జిట్ అనే ఉత్తుత్తి పరికరం ఉంది. అతిథి ప్రోగ్రాము ఒక పోర్టుకు ఏదైనా సంఖ్య రాస్తే, క్యూఎము దాన్ని రెట్టింపు చేసి ఒకటి కలిపి నిష్క్రమణ సంఖ్యగా ఇస్తుంది. 16 రాస్తే 33 వస్తుంది. ఫలితం ఎప్పుడూ బేసి సంఖ్యే, సున్నా రానే రాదు. మొదటిసారి చూసినవాళ్లకు ఇది వింతగా తోస్తుంది కానీ, పైన చెప్పిన అబద్ధపు సున్నాతో కలగలిసిపోకుండా ఉండటానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. స్క్రిప్టు 33ను మాత్రమే విజయంగా ఒప్పుకోవాలి. రిస్క్-ఫైవ్ వర్ట్ యంత్రంలో ఇలాంటిదే మరో పరికరం ఉంది. దానికి హెక్సాడెసిమల్ 5555 రాస్తే నెగ్గినట్టు, 3333 రాస్తే ఓడినట్టు. ఆర్మ్‌లో సెమీహోస్టింగ్ ఈ పని చేస్తుంది.

సర్వర్లలో యంత్రాన్ని దూరం నుంచి నిర్వహించే చిన్న ప్రాసెసర్‌కు బీఎంసీ అని పేరు. దాని కోసం వచ్చిన ఫర్మ్‌వేర్ ప్రాజెక్టు ఓపెన్‌బీఎంసీ ఈ పద్ధతులను పెద్ద ఎత్తున వాడుతుంది. ఆస్పీడ్ ఏఎస్‌టీ2500 చిప్ ఉన్న రోములస్ బోర్డును క్యూఎము అనుకరిస్తుంది. ఫ్లాష్‌లోకి ఎక్కే 32 ఎంబీ ఇమేజ్‌నే ఇచ్చి బూట్ చేసి, రోబోట్ ఫ్రేమ్‌వర్క్‌తో లాగిన్ అయి పరీక్షలు జరుపుతారు. మైక్రోకంట్రోలర్ల వైపు ఆంట్‌మైక్రో వారి రెనోడ్ ఎమ్యులేటర్ ఇలాంటి పాత్రే పోషిస్తోంది. బయటి కంపెనీల రౌటర్ ఇమేజ్‌లను విప్పి ఎమ్యులేటర్‌లో లేపి భద్రతా లోపాలు వెతికే పరిశోధన మరో శాఖ. 2016లో వెలువడిన ఫర్మాడైన్ అందులో ప్రసిద్ధం.

రెండుసార్లు కట్టినా అదే ఫైలు

ఒకే సోర్సు నుంచి ఇవాళ కట్టిన ఇమేజూ రేపు కట్టిన ఇమేజూ బైటు తేడా లేకుండా వస్తే, పరీక్షించింది దేన్నో ఎక్కించింది దేన్నో హ్యాష్ విలువే చెప్పేస్తుంది. రాకపోవడానికి కారణాలు చిల్లరమల్లరవి. కంపైల్ సమయం కోడులో ముద్రపడటం, ఎఫ్ఏటీ విభాగానికి గడియారం నుంచి పుట్టే వరుస సంఖ్య, ఈఎక్స్‌టీ4 యూయూఐడీ, డైరెక్టరీలోని ఫైళ్లను డిస్కు ఇచ్చిన క్రమంలోనే సీపీఐవో ఆర్కైవులోకి పేర్చడం, జీజిప్ తలకట్టులో పేరూ తేదీ చేరడం. డెబియన్‌లో 2013లో ఊపందుకున్న రీప్రొడ్యూసిబుల్ బిల్డ్స్ ఉద్యమం నుంచి సోర్స్ డేట్ ఎపోక్ అనే పర్యావరణ చరరాశి వచ్చింది. తేదీ కావాల్సిన పనిముట్లన్నీ గడియారం మానేసి దాన్నే చూస్తే మొదటి చిక్కు విడిపోతుంది. మిగతావాటికి సంఖ్యలను స్క్రిప్టులోనే స్థిరంగా ఇవ్వడం, ఫైళ్ల పేర్లను సీ లొకేల్‌లో క్రమపరచడం వంటి చిన్న మందులున్నాయి.

ఎమ్యులేటర్ చూపలేనిది

అసలు బోర్డులో ఫర్మ్‌వేర్‌కు గడ్డు పని ర్యామ్‌ను లేపడం. చిప్‌కూ మెమరీకీ మధ్య ఉన్న తీగల పొడవు, వోల్టేజీ, వేడిని బట్టి సంకేతాల సమయాలను సర్దుతూ, రాసి చదివి చూస్తూ సాగే ఆ తంతును మెమరీ ట్రైనింగ్ అంటారు. క్యూఎములో ర్యామ్ మొదటి క్షణం నుంచే సిద్ధంగా ఉంటుంది. ర్యామ్ లేచేదాకా ప్రాసెసర్ క్యాషేనే మెమరీగా వాడుకునే ఉపాయానికీ అక్కడ నిజమైన పరీక్ష లేదు. ఇంటెల్ ఎఫ్ఎస్‌పీ వంటి, సోర్సు కోడు బయటపెట్టని బైనరీలు నడవవు. గడియారాలు, విద్యుత్ క్రమం, వేడెక్కితే తప్ప బయటపడని లోపాలు సరేసరి.

అందుకని ఎమ్యులేటర్ పరీక్ష దండగ అనడం తొందరపాటు. సీబీఎఫ్ఎస్ అమరిక, పేలోడు, విభజన పట్టిక, వేరియబుళ్లు, సంతకాల తనిఖీ, అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే తిరిగి లేవడం వంటివన్నీ బోర్డుతో నిమిత్తం లేకుండా తేలిపోతాయి. చిప్‌లోకి రాసే మెట్టును కూడా కొంతవరకు ముందే ఆడి చూడవచ్చు. చిప్‌లను చదివి రాసే ఫ్లాష్‌రోమ్ పనిముట్టులో డమ్మీ అనే ప్రోగ్రామర్ ఉంది. అది ఫ్లాష్ చిప్‌ను మెమరీలోనే నటిస్తుంది. అసలు చిప్ మీద అదే ఫ్లాష్‌రోమ్ ముందు పాత ఇమేజ్‌ను చదివి దాచుకోవడానికి, కొత్తది రాశాక తిరిగి చదివి సరిచూడటానికి పనికొస్తుంది.

ఆ తర్వాత బోర్డు సీరియల్ లాగ్‌నూ ఎమ్యులేటర్ లాగ్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తారు. కోర్‌బూట్ విషయంలో మెమరీ దశ దగ్గర రెండూ ఎలాగూ విడిపోతాయి. పేలోడు దగ్గర మళ్లీ కలవాలి. అక్కడా కలవకపోతే వెతకాల్సిన చోటు ఆ మధ్య లైన్లలోనే ఉంటుంది, స్క్రిప్టులో కాదు.